ఇనుప పక్షి గొంతు

మీకు మీ ఇల్లాలి నమస్కారాలు.

నా రాత చూసి విసుక్కోకండి. ఐదో తరగతితో ఆగిపోయిన చేతికి ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబాటే. వరసలు కూడా పైకొకటి కిందికొకటి పోతుంటాయి, చీమల బారులో నీళ్ళు పడ్డట్టు. కింద బట్టలు కుట్టే మిషనమ్మగారికి చూపించి తప్పులు దిద్దించుకుందామంటే, ఈ ఉత్తరం ఆవిడకు చూపించేది కాదు. మీరే కూడబలుక్కుని చదువుకోండి.

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. మీరు కూడా వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ బాగున్నారని అనుకుంటున్నాను. మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. లేకపోతే ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్పేస్తాను.

అత్తయ్య దగ్గు తగ్గింది. చెవి సంగతి అడిగారు. ఎడమ చెవి ఎప్పుడో వెళ్ళిపోయిందా, ఇప్పుడు కుడిది కూడా దాని వెనకాలే బయల్దేరింది. దగ్గరగా వచ్చి అరిస్తేనే వినిపిస్తోంది. ఆవిడకేం బెంగలేదు. లోకంలో చప్పుళ్ళన్నీ చేసేవాడు నా కొడుకు, ఒక్కటీ వినపడనిదాన్ని నేను, దేవుడికి వేళాకోళం ఎక్కువే అమ్మాయ్ అంటుంది. మీరు పంపిన మందు చెవిలో వేస్తే నూనెలా ఉందని మోకాళ్ళకు రాసుకుంటోంది. మోకాళ్ళు మాత్రం బాగా వింటున్నాయట.

నేను తింటున్నాను. మీరు ప్రతిసారీ అడుగుతారు, నేను ప్రతిసారీ తింటున్నాననే రాస్తాను. ఈసారి నిజంగానే తింటున్నాను.

కిటికీ మీది రేకు ఊగుతోంది కదా, మేకు కొట్టించమన్నారు. కొట్టించలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మీరు అన్నిటికంటే ముందు అడిగింది, మీరు చప్పుళ్ళు కట్టిన బొమ్మల కథ మొదటి భాగం టీవీలో వేశారా, చూశావా అని. వేశారు. చూశాను. ఏ వేళకు వేశారో తెలిస్తే మీ కంపెనీవాళ్ళు ఏడుస్తారు. పిల్లలందరూ బడిలో, పెద్దలందరూ పనుల్లో ఉండే మధ్యాహ్నం పూట. మొదలయ్యే ముందు ఎరువుల గురించి ఒకాయన మాట్లాడుతున్నాడు, అది అయ్యాక వాతావరణం చెప్పారు. ఆ రెండింటి మధ్య మీ రెండేళ్ళ కష్టం ఇరుక్కుని కూర్చుంది. వీధిలో ఇంకెవరైనా చూశారా అని రెండు మూడు ఇళ్ళలో అడిగాను. నేను నోరు తెరిచి అడగడమే వాళ్ళకు వింతగా ఉంది. ఎవరూ చూడలేదు. అసలు అలాంటిదొకటి వచ్చినట్టే తెలియదన్నారు.

మేం మాత్రం చూశాం. కింద ఇంటివాళ్ళ గదిలో, మిషనమ్మగారు కుట్టడం ఆపి మీ కోసం టీవీ మీది గుడ్డ తీశారు. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఒకామె చెయ్యి చాపి నిలబడింది, అలా చాపిన చెయ్యి దించకుండానే చూసింది. అత్తయ్య టీవీకి ఆనుకుని కూర్చుని దాని చెక్క మీద అరచెయ్యి పెట్టింది. నీకు చెవులూ కళ్ళూ ఉన్నాయి, నాకు చెయ్యి చాల్లే అంది.

సూర్యుడు ఆరిపోయిన లోకం కదా. మనుషులందరూ పెద్ద గాజు బుడ్డి కింద ఊరు కట్టుకుని బతకడం, ఆ ఇనుప పక్షి చుక్కల దాకా ఎగిరి ముక్కుతో నిప్పు కణికలు తెచ్చి వాళ్ళ దీపాలు ఆరకుండా చూడడం, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. రంగులు ఎలా వచ్చాయని అడిగారు. ఆ టీవీలో నలుపూ తెలుపే వస్తాయని మీరు మర్చిపోయారు. అయినా ఆ లోకంలో ఎటూ వెలుతురు లేదు కాబట్టి లోటేమీ తెలియలేదు. పక్షి బక్కగా ఉందని మిషనమ్మగారికి కోపమొచ్చింది. ఊరందరికీ నిప్పు మోస్తోంది, ఒక్కడూ దానికింత తిండి పెట్టడా అంది. అది గూట్లో గుడ్డు పెట్టుకుని ఉండడం చూసి, ఇదేం చోద్యం, నా కుట్టు మిషను పిల్లను కన్నట్టుంది అంది. మేమందరం నవ్వాం.

చప్పుళ్ళు ఎలా వచ్చాయని అడిగారు. అన్నీ తెలిసినవే. రెక్కలు మన పాత గొడుగు. మీరు దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి చువ్వలు విరగ్గొడితే నేను వాన్లో తడుస్తూ బజారుకు వెళ్ళేదాన్ని. ముక్కు మిషనమ్మగారి కత్తెర, తన కత్తెర చప్పుడు ఆవిడే పోల్చుకుని అద్దె అడుగుతానంది. బూడిద నేల మీద అడుగులు గంజిపిండి మూట పిసికిన చప్పుడు. గాజు ఊరి తలుపు మూసినప్పుడు అత్తయ్య ఉలిక్కిపడి, నా ట్రంకు పెట్టె ఎవరు మూశారు అంది. చేత్తోనే పట్టేసింది, చూశారా. గుడ్డు దొర్లినప్పుడు స్టీలు గిన్నె. ఆ గిన్నె నాకు అమ్మ ఇచ్చింది, దాని సొట్ట కూడా వినిపించింది నాకు.

ఇంతవరకూ రాయడానికి ఏం కష్టం లేకపోయింది. ఇక్కడి నుంచి నా చెయ్యి నడవడం లేదు. మధ్యలో లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టి వచ్చాను. అత్తయ్య చూసి, రాస్తున్నావా, పారిపోతున్నావా అంది.

గుడ్డు పొగమంచు గోతిలో పడిపోయింది కదా. పక్షి నిప్పు తీసుకుని ఆలస్యంగా వచ్చింది కదా. వచ్చి ఖాళీ గూడు చూసి, గోతిలోకి మెడ చాపి ఏడ్చింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఏడుపు మాత్రం కాసేపు సాగింది.

మిషనమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఏడ్చిన పిల్ల ఎవరోగానీ డబ్బులిచ్చి ఏడిపిస్తే వచ్చే ఏడుపు కాదిది అన్నారు. ఆ ఏడుపు కింద వేసిన గాలి చప్పుడు కూడా ఎంత బాగుందో, ఆగి ఆగి వీస్తోంది అన్నారు. కొలతలావిడ అప్పటికి చెయ్యి దించింది. నేను తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాను. అత్తయ్య చెక్క మీది చెయ్యి తియ్యలేదు, నా వైపు చూడనూ లేదు. మీ పేరు వచ్చింది. చీమ తలకాయంత వేశారు. సగం చదివేసరికి వాతావరణం ఆయన వచ్చి రేపు వాన పడుతుందన్నాడు.

నా గొంతు నాకు తెలియదా అండీ. నలుగురిలో ఎప్పుడూ మాట్లాడని దాన్ని. పెళ్ళిచూపుల్లో పేరడిగితే కూడా అమ్మే చెప్పింది. అలాంటిది నా ఏడుపు ఎక్కడో గాలిలో ఎగిరి వచ్చి కింద ఇంటివాళ్ళ గదిలో పడింది. వీధి పిల్లలు బడిలో ఉండడమే మేలయిందనుకున్నాను.

మీ ఉత్తరం చివర రాశారు, రేకు డబ్బాలో నల్లదారం కట్టిన టేపు ఉంది, అది జాగ్రత్తగా పంపు, రెండో భాగమంతా పక్షి గుడ్డును వెతుకుతూ తిరుగుతుంది, దర్శకుడికి ఆ ఏడుపే ఇంకాస్త కావాలట, నా దగ్గరున్న ముక్క చాలదు, నువ్వు మాత్రం పెట్టి వినొద్దు, పాత మిషను టేపును నమిలేస్తుంది అని. ఆ ఉత్తరం బొమ్మల కథ వేసిన తెల్లారి వచ్చింది. ఒకరోజు ముందు వచ్చుంటే నాకేమీ తెలియకుండానే కట్టి పంపేసేదాన్ని.

ఆ టేపు పట్టిన మధ్యాహ్నం గురించి మనమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు రాస్తాను. ఎదురుగా ఉంటే చెప్పలేను, మీకు తెలుసు.

ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నాకు నేర్పిన మొదటి పని వంట కాదు, కదలకుండా కూర్చోవడం. మీ టేపు మిషను మీద ఎర్రలైటు వెలిగిందంటే గాజులు తీసి పక్కన పెట్టాలి, గిన్నె ముట్టుకోకూడదు, ఊపిరి కూడా సన్నగా తీసుకోవాలి. నాకది కష్టమనిపించలేదు. మాట్లాడమంటేనే నాకు కష్టం. నీలాంటి పెళ్ళాం ఏ చప్పుళ్ళవాడికీ దొరకదు అని మీరంటే ఎంత పొంగిపోయేదాన్నో.

ఆ రోజు వాన మొదలైంది. ఎన్నాళ్ళ నుంచో ఆ వాన కోసమే కాచుకుని ఉన్నారు మీరు. మనం పడుకునే గది కిటికీ మీది రేకు మీద పడితేనే ఆ చప్పుడు వస్తుందని మైకు అక్కడే పెట్టారు. మన పసిది పిచ్చిక నా పక్కన పడుకుని ఉంది. పేరు ఇంకా తేల్చుకోలేదు, గొంతు అంత చిన్నదని మీరే పిచ్చికా అన్నారు, అదే నిలిచిపోయింది. మీరు వేలు పెదవి మీద పెట్టి నా వైపు చూశారు. లైటు వెలిగింది. నేను గాజులు తీసేశాను. వాన పడినంతసేపూ కదల్లేదు. పిల్ల కూడా కదల్లేదు. నాన్న పని చెడగొట్టకుండా ఎంత బుద్ధిగా పడుకుందో అనుకున్నాను. వాన వెలిశాక పిల్ల ఒంటి మీద చెయ్యి వేశాను.

డాక్టరమ్మ చెప్పింది, పుట్టుకతోనే ఆ గుండె అంత, చంకలో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా అంతే జరిగేదని. మీరూ విన్నారు, నేనూ విన్నాను. ఇద్దరమూ తలూపాం. ఒక్కరమూ నమ్మలేదు. కదలొద్దన్నానే అని మీరు, కదల్లేదే అని నేను. అదే ఇద్దరం చెరో మూల పెట్టుకుని కాపురం చేశాం.

మీకు తెలియనిది ఒకటుంది. నేను ఏడుస్తున్నప్పుడు లైటు చూశాను. వెలుగుతూనే ఉంది. మీరు కిటికీ దగ్గర, మైకు పక్కన, అటు తిరిగి నిలబడ్డారు. అత్తయ్య వచ్చి నా వీపు పట్టుకుంది. మీరు రాలేదు. మీ వీపు నాకు కనపడుతూనే ఉంది, అది కదల్లేదు. పిల్ల పోయినా టేపు పాడవకూడదని నిలబడ్డాడు ఈ మనిషి అనుకున్నాను. ఆ మాట ఒక్కటే లోపల పెట్టుకుని మీకు అన్నం వడ్డించాను, మీ చొక్కాలు ఉతికాను, మీ కంపెనీ ఊరు మారితే పెట్టె సర్ది పంపించాను. మీరు వెళ్ళిన రోజు నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికే ఇంతసేపు పట్టింది.

టీవీలో విన్న రోజు ఇక నా వల్ల కాదనుకున్నాను. నా బట్టలు సంచిలో పెట్టుకున్నాను, అమ్మ దగ్గరకు వెళ్ళిపోదామని. వెళ్ళే ముందు ఆ టేపు పొయ్యిలో పెట్టి, కిటికీ మీది రేకు పీకించేసి పోవాలనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక ఇంకా గట్టిగా అనుకున్నాను. డబ్బా తెరిచి దారం విప్పాను. పొయ్యి ముందు కూర్చున్నాక, కాల్చే ముందు ఒక్కసారి వినాలనిపించింది. మీరు నొక్కుతుంటే చూసిందే, నొక్కడం వచ్చింది. మిషను టేపును నమల్లేదు.

ముందంతా వానే. మీరు చెప్పినట్టే చాలా మంచి వాన. మొదట చినుకులు విడివిడిగా, తర్వాత అన్నీ కలిసి. ఆ వానలో ఒకచోట, చాలా మెల్లగా, పిచ్చిక చిన్న నిట్టూర్పు విడిచింది. పాలు తాగాక విడిచేది చూడండి, అలాంటిది. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ తిప్పాను. మీకది అక్కడుందని తెలుసు. నల్లదారం అందుకే కట్టారు. వినొద్దని కూడా అందుకే రాశారు.

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నా పక్కన చతికిలబడి మిషనులో చప్పుడొచ్చే జల్లెడ మీద అరచెయ్యి పెట్టింది. వాన అయిపోయింది. రేకు నుంచి చుక్కలు. తర్వాత నేను పిల్లను పిలవడం. తర్వాత ఏడుపు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. తెరవకుండానే అంది:

"ఇందులో ఇద్దరున్నారే."

నేను కాదన్నట్టు తలూపాను, నేనొక్కదాన్నే అని వేలు చూపించాను.

"ఒకటి నువ్వే. ఆ రోజు నీ వీపు పట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ వణుకు నాకు తెలుసు. ఇదిగో, దాని కింద ఇంకోటి ఆగి ఆగి కొట్టుకుంటోంది చూడు. అది వాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొడితే, వినపడితే ఇంకా కొడతాడని చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాడు. పక్కలో పడుకున్నదాన్ని. అప్పుడు మాత్రం చెవులతో విన్నానా?"

వెనక్కి తిప్పి, జల్లెడకు చెవి ఆనించి విన్నాను. నా ఏడుపు దూరంగా ఉంది. ఆ రెండోది దగ్గరగా ఉంది, మైకు పక్కనే. గుడ్డ అడ్డం పెట్టుకుని మనిషి ఊపిరి లాగుతున్న చప్పుడు. లాగి, ఆపి, మళ్ళీ లాగి. మిషనమ్మగారు మెచ్చుకున్నారే, ఆ గాలి.

మీ వీపు కదలకపోవడానికి ఎంత బిగబట్టి ఉంటారో అప్పుడు తెలిసింది. కదలకుండా ఉండడం ఎంత కష్టమో ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుసు?

లైటు ఆర్పడం మర్చిపోయారో, చెయ్యి రాలేదో నేను అడగను. మీకే తెలియకపోవచ్చు. కంపెనీలో ఏడవడానికి మనుషులు లేరా, మన ఏడుపే ఎందుకు పెట్టారని అడుగుదామనుకున్నాను. అదీ అడగను. నాతో చెప్పలేనిది ఇనుప పక్షి నోట్లో పెట్టి పంపారేమోనని అనుకుంటున్నాను. అలా కాకపోయినా నేను అలాగే అనుకుంటాను. ఎవరూ చూడని వేళలో వేశారని మీకు చెప్పడానికి బాధపడ్డాను గానీ, వినాల్సిన ఇద్దరం విన్నాం. ఒకరు చెవులతో, ఒకరు చేత్తో.

టేపు పంపను. కాల్చలేదు, కాల్చను. దారం మళ్ళీ కట్టి అత్తయ్య ట్రంకు పెట్టెలో, ఆవిడ చీరల మధ్య పెట్టాను. దర్శకుడికి ఏమని చెప్పాలో మీ ఇష్టం. ఎలుకలు కొట్టేశాయని చెప్పండి. అందులో పిచ్చిక ఉంది, అది ఊళ్ళు తిరగకూడదు. రేకుకు మేకు కూడా నేను కొట్టించను. మొన్న వాతావరణం ఆయన చెప్పినట్టే వాన పడింది. కిటికీ దగ్గర కూర్చుని విన్నాను, గాజులు తియ్యలేదు. రేకు వదులుగా ఉండబట్టి ఆ చప్పుడు మారిపోయింది. వచ్చాక మీరే కొట్టండి, అప్పుడెలా ఉండేదో మీకే తెలుసు.

మీ పని చెడడం మాత్రం నాకిష్టం లేదు. రెండో భాగంలో పక్షి ఏడవాలి కదా. నేనొస్తాను. అత్తయ్య కూడా వస్తానంటోంది, ఆ గాజు తలుపుకు తన పెట్టే కావాలి కదా అని సాకు చెబుతోంది. ఆ గదిలో కొత్తవాళ్ళుంటారని తలుచుకుంటే ఇప్పుడే చెమట పడుతోంది. అయినా నిలబడతాను. అందరినీ బయటికి పంపి మీరొక్కరే ఉండండి. ముందు లైటు ఆర్పేసి నా పక్కన కూర్చోండి. ఆ రోజుది ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడవలేదు, అది మిగిలిపోయింది. అది అయ్యాక, ఇంకా గొంతు మిగిలితే, లైటు వేసి పక్షికివ్వండి.

గుడ్డు దొరుకుతుందా అని అత్తయ్య రోజూ అడుగుతోంది. మీరు రాసే ఉత్తరంలో ఆ సంగతి రాయండి. దొరక్కపోతే దొరకలేదనే రాయండి. ఆవిడ కోసమని, నా కోసమని, దొరికినట్టు రాయొద్దు.

ప్రతి ఉత్తరం చివరా చదివి కాల్చెయ్యమని రాసేదాన్ని, నా గీతలు ఎవరి కంటైనా పడతాయని సిగ్గుతో. నీ ఉత్తరాలన్నీ కాలిస్తే ఇక్కడ చలి కాచుకోవచ్చు అని మీరు ఎగతాళి చేశారు. ఇది కాల్చకండి. తప్పులున్నా సరే, ఎవరు చూసినా సరే, ఉంచండి.

ఇట్లు,
పిచ్చిక వాళ్ళ అమ్మ